డాక్టరుగారి కారు వెనక్కి పోదు

ఆదోనిలో నాకు మెకానిక్కు పని నేర్పిన ఉస్తాదు దగ్గర తొమ్మిదేళ్లు ఉన్నాను. డెబ్బై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో, ఒక మధ్యాహ్నం పూట, నలుగురు లారీ డ్రైవర్ల ముందు ఆయనతో తగాదా పెట్టుకుని బయటికొచ్చేశాను. కారణం కిరసనాయిలు. నెల రోజులుగా వాడి వాడి తారులా నల్లబడిపోయిన కిరసనాయిల్లోనే ఆయన మళ్లీ బేరింగులు కడుగుతున్నాడు. నాకు శుభ్రత పిచ్చి. ఒళ్లు మండిపోయింది. "నీది మురికి పని ఉస్తాదూ. నేను నీకంటే శుభ్రంగా చేస్తా. ఇంగ ఈ గడప తొక్కితే నన్నడుగు" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "సరేప్పా, పో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను మెట్లు దిగుతుంటే డ్రైవర్లు నవ్వారు.

ఎమ్మిగనూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. రోజూ పొద్దున్నే నేల కడిగేవాణ్ణి. స్పానర్లను సైజుల వారీగా గోడకు తగిలించేవాణ్ణి. కిరసనాయిలు మూడు రోజులకొకసారి మార్చేవాణ్ణి. లారీ వాళ్లు, "వాని షెడ్డుకు పోవల్లంటే తానం చేసి పోవల్ల" అని ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోనీ అనుకున్నాను. ఎవరేమన్నా సరే, చేతగాక ఒక్క బండి తిరిగి ఉస్తాదు దగ్గరికి పోయిందనే మాట మాత్రం రాకూడదు. అలా పోయిన రోజు నేను షెడ్డుకు తాళం వేసి, పెద్దకడుబూరు పక్కన మా ఊరికి పోయి వేరుశనగ చేలో కలుపు తీసుకోవలసిందే.

అలాంటి సమయంలో ఎమ్మిగనూరు డాక్టరుగారు తన కారు తెచ్చాడు.

అది ఇంగ్లండులో తయారైన పాత కారు. గుండ్రంగా, గుమ్మడికాయ రంగులో ఉండేది. రిటైరై వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఆయన కొన్నాడు. దానికి గేరుబాక్సు వెనకాల చెంబంత పెట్టె ఒకటి ఉంది. దాన్ని ఓవర్‌డ్రైవు అంటారు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగు పక్కనున్న మీట నొక్కితే, ఆ పెట్టెలో నూనె ఒత్తిడి పెరిగి, పై గేరు మీద ఇంకో గేరు పడుతుంది. కారు అదే వేగంతో పోతుంటుంది, ఇంజను మాత్రం గొంతు తగ్గిస్తుంది. మీట పైకి లేపితే మళ్లీ మామూలు గేరే. డాక్టరుగారు కొన్నప్పటి నుంచీ ఆ పెట్టె పనిచెయ్యలేదు. బొంబాయిలో ఉన్న బావమరిది చేత రబ్బరు రింగులు, స్ప్రింగులు తెప్పించుకుని, కారుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"శుభ్రంగా చేస్తావంట కదా నాయనా" అన్నాడు.

ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను.

పుస్తకం ఆయన చదివి తెలుగులో చెప్పేవాడు, నేను విప్పేవాణ్ణి. నేను ఇంగ్లీషులోనే పదో తరగతి తప్పిన వాణ్ణి. ఆదివారం ఆదివారం ఆయన షెడ్డులో స్టూలు మీద కూర్చుని, రోగి పక్కన కేసు షీటు చదివినట్టు చదివేవాడు. ఒక పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకుని, "ఇది గుర్తు పెట్టుకో. ఓవర్‌డ్రైవు పడి ఉన్నప్పుడు రివర్సు గేరు వేయగూడదంట. వేస్తే లోపల పండ్లన్నీ రాలిపోతాయంట. ఎనక్కి తోయనుగూడా తోయగూడదంట" అన్నాడు. నేను తలూపాను. మీట పైకి లేపితే అది ఎలాగూ విడిపోతుంది కదా, ఇందులో భయపడేదేముంది అనుకున్నాను.

మొత్తం విప్పి, కడిగి, తుడిచి, మళ్లీ బిగించాను. ఆదోనిలో తుడవడమంటే దూదే. ఊరి నిండా పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులు. మిల్లు గేటు దగ్గర చెయ్యి చాపితే గుప్పెడు దూది పడేది. ఏ షెడ్డుకు పోయినా మూలన దూది బస్తా ఒకటి ఉండేది, మా ఉస్తాదు దగ్గరా అదే. నేనైతే గేటు దగ్గరి ఊడ్పు దూదిని ముట్టుకోలేదు. లోపలికి పోయి, గింజ నలుసు లేని దూది ఏరి తెచ్చుకున్నాను.

రోడ్డు మీదికి తీసుకుపోయాం. డాక్టరుగారు మీట నొక్కాడు. ఇంజను గొంతు సన్నగా తగ్గింది. పెద్దాయన ముఖం చంటిపిల్లవాడి ముఖంలా వెలిగిపోయింది. "ఎన్నేండ్లైంది దీని కోసం" అన్నాడు. నాకు ఛాతీ ఉబ్బింది. ఉస్తాదు షెడ్డు ముందు నుంచి ఒకసారి పోదామా సార్ అని కూడా అడిగాను. సిగ్గులేని వాణ్ణి.

నాలుగో రోజు ఎమ్మిగనూరు నుంచి ఆయన కాంపౌండరు సైకిలు మీద వచ్చాడు. ఓవర్‌డ్రైవు పడింది గానీ విడవడం లేదంట. మీట పైకి లేపినా అది పట్టుకునే ఉందంట. రివర్సు వేస్తే పండ్లు రాలతాయి కాబట్టి డాక్టరుగారు కారును వెనక్కి పోనివ్వడం లేదంట. ఇప్పుడు కారు ఆసుపత్రి ముందు సందులో, ఒక నూలు బండికీ ఒక గోడకూ మధ్య, ముక్కు గోడకు ఆనించి ఉందంట.

పోయి చూశాను. వైర్లు చూశాను, బాగున్నాయి. మీట నొక్కితే పెట్టెకు బిగించిన కరెంటు అయస్కాంతం టక్ మంటోంది, లేపితే విడుస్తోంది. నూనె సరిపడా ఉంది. ఇంక మిగిలింది ఒక్కటే, పెట్టె పైనుండే చిన్న వాల్వు. సీట్ల మధ్య తివాచీ ఎత్తితే కనబడుతుంది. పెన్సిలు ముక్కంత ఉంటుంది. దాని మధ్య గొట్టంలా బోలు, కింద వెంట్రుక మందాన ఒక రంధ్రం. మీట లేపినప్పుడు నూనె ఆ సన్నని రంధ్రం గుండానే బయటికి పోవాలి. పోకపోతే ఓవర్‌డ్రైవు విడవదు. వాల్వు ఊడదీసి, నోటితో ఊది, కడిగి, ఇంకా మంచి దూదితో తుడిచి పెట్టాను. విడిచింది. కారు వెనక్కి వచ్చింది. నేను దుమ్మును తిట్టుకుంటూ ఆదోనికి తిరిగొచ్చాను.

ఈసారి మూడో రోజుకే కాంపౌండరు వచ్చాడు.

ఇక అక్కడి నుంచి నా బతుకు ఆ వాల్వు చుట్టూనే తిరిగింది. విప్పడం, కడగడం, తుడవడం, బిగించడం. దుమ్ము పడకుండా కారు చుట్టూ పాత చీరలు కట్టి, నేల మీద తడి గోనెసంచులు పరిచి, పురుడు పోసే మంత్రసానిలాగా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని చేసేవాణ్ణి. నేను ఎంత శుభ్రంగా చేస్తే అది అంత తొందరగా పట్టేసేది. నాలుగు రోజులు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. "ఈ పెట్టెను కదిలియ్యకుండా వైరు పీకేద్దాం సార్, మామూలు కారులాగా నడుపుకుందురు" అన్నాను ఒకసారి. డాక్టరుగారు నా వైపు జాలిగా చూశాడు. "ఉన్న అవయవాన్ని పనిచేయనీకుండా కట్టేయమంటావా" అన్నాడు. మొండి మనిషి. నేను అంతకంటే మొండివాణ్ణి కాబట్టి మళ్లీ విప్పాను.

ఈలోపు కారు మాత్రం ముందుకే పోతుండేది. దాన్ని బట్టి డాక్టరుగారు తన బతుకంతా మార్చుకున్నాడు. ఎక్కడికి పోయినా, చుట్టూ తిరిగి మళ్లీ అదే దారిలోకి వచ్చే వీలుందో లేదో ముందు మనిషిని పంపి కనుక్కునేవాడు. కల్లాలున్న ఊళ్లకే ఇష్టంగా పోయేవాడు, తిప్పుకోవడానికి చోటుంటుందని. ఇంటికి ఒకటే గేటు ఉండేది. ఒక బుధవారం మేస్త్రీని పిలిపించి వెనక ప్రహరీ పగలగొట్టించాడు. ముందు గేటులో లోపలికి రావడం, వెనక సందులోంచి బయటికి పోవడం. ఆ పగిలిన గోడ గుండా రెండు రోజుల్లోనే పక్క వీధి మేకలన్నీ దారి నేర్చుకున్నాయి. డాక్టరుగారి భార్య తులసి మొక్క మొదలంటా పోయింది. ఆ తల్లి నాతో మాట్లాడటం మానేసింది.

వేరుశనగ బండి సంగతి ఇంకా ఘోరం. ఆ వేళ నేనూ కారులో ఉన్నాను. సి.బెళగల్ వైపు ఒక ఊళ్లో ఇరుకు సందులోకి పోయాం. ఎదురుగా బస్తాలతో ఎద్దుల బండి. బండి ఆయన తలపాగా సర్దుకుని, మర్యాదగానే, "సారూ, కాస్త ఎనక్కి తీసుకోండి" అన్నాడు. డాక్టరుగారు, "కుదరదు నాయనా, ఇది ఎనక్కి పోదు" అన్నాడు. బండి ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాలు చూశాడు. నన్ను చూశాడు.

"ఎద్దులే ఎనక్కి పోతాయి. కారు పోదా" అన్నాడు.

"పోదు" అన్నాను.

"సుమ్నే చెప్తాండావా, నిజమేనా?"

ఎకసెక్కం కాదు నిజమే అని నేనెంత చెప్పినా వినడే. ఊరంతా పోగైంది. వెనక్కి తోస్తామని పదిమంది యువకులు బానెట్టు మీద చేతులు వేశారు. తోయగూడదు, పండ్లు రాలతాయి అని నేను వాళ్లకు అడ్డం పడుకున్నంత పని చేశాను. ఎవరి పండ్లని ఒక ముసలమ్మ అడిగింది. చివరికి ఎద్దుల్ని విప్పి, బస్తాలు దింపి, ఖాళీ బండిని మనుషులే వెనక్కి లాక్కుపోయారు. అంతలో ఎవరో, డాక్టరుసారు వెనక్కి తిరగనని మొక్కుకున్నాడట అని మొదలుపెట్టారు. మరుసటి వారం ఆ ఊరి నుంచి ఇద్దరు జ్వరం మనుషులు, వేరే డాక్టర్లను వదిలి, మొక్కున్న డాక్టరనే ఈయన దగ్గరికి వచ్చారు. ఆయన మురిసిపోయాడు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను, ఎందుకంటే ఆ జనంలో ఆదోని లారీ డ్రైవరు ఒకడు నిలబడి అంతా చూశాడు.

ఆ ఆదివారం డాక్టరుగారి భార్య మౌనం వదిలింది. ప్రతి గురువారం ఆవిడ మంత్రాలయం పోయేది. పోయిన గురువారం అక్కడ జనంలో కారు తిప్పుకోలేక, నది దాకా పోయి రావలసి వచ్చిందట.

"చూడప్పా. నువ్వు మంచోనివే. కానీ నాకు గోడ లేదు, తులసి లేదు. వచ్చే గురువారం నాటికి ఈ కారు ఎనక్కి పోవల్ల. లేదంటే ఆదోనిలో మీ ఉస్తాదు దగ్గర పెట్టిస్తా. ఆయనకు తెలియంది ఉండదంట కదా" అంది.

"గురువారం దాకా ఎందుకమ్మా, ఈ దినమే చేస్తా" అన్నాను. ఆ ఇంటి వరండాలోనే వాల్వు ఊడదీసి కూర్చున్నాను. ఆవిడ కాసేపు చూసి, మనసు కరిగినట్టుంది, లోపలికి పోయి ఒక రాగి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మంత్రాలయం దీపాలకని మడి కట్టుకుని చేసుకున్న వత్తులున్నాయి.

"దీంతో తుడువు. ఇంతకంటే శుభ్రమైన దూది ఈ జిల్లాలో ఉండదు" అంది.

నిజంగా నా కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెప్పాలంటే, వాల్వు బోలులోకి దూది దూర్చి తుడవడానికి నేను చేసేది కూడా వత్తే. మా అమ్మ దగ్గర నేర్చుకున్న చేతిపని. దూదిని అరచేతిలో వేసి నలిపి, సన్నగా పేని, ఆ గొట్టంలోకి తోసి, తిప్పి బయటికి లాగేవాణ్ణి. ఆవిడ వత్తి నా వత్తి కంటే ఎంతో మెత్తగా, పొడుగ్గా ఉంది. నాలుగు వత్తులు లాగి బిగించాను. డాక్టరుగారు కారు తీశాడు. వీధి చివరిదాకా పోయి, మీట నొక్కి, లేపాడు. విడవలేదు. నాలుగు రోజులు కాదు, రెండు రోజులు కాదు. వీధి చివరికి.

వాల్వు మళ్లీ ఊడదీశాను. ఈసారి కడగడానికి చేతులు రాలేదు. అరుగు మీద పెట్టి దాని వంక చూస్తూ కూర్చున్నాను. డాక్టరుగారు వచ్చి పక్కన కూర్చున్నాడు. "కడగొద్దు, అట్లే ఇయ్యి" అన్నాడు. వాల్వును ఒక చిన్న ట్రేలో పెట్టుకుని, రోగిని తీసుకుపోయినట్టు ఆసుపత్రి గదిలోకి తీసుకుపోయాడు. సూదితో ఆ వెంట్రుక రంధ్రం దగ్గర గీకాడు. వచ్చిన నూనె చుక్కను గాజు పలక మీద వేసి, మలేరియా రక్తం చూసే మైక్రోస్కోపు కింద పెట్టాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, రాగి గిన్నెలోంచి ఒక వత్తి తీసి, దాని కొస గిల్లి ఇంకో పలక మీద పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు. నాకు ముందు నా కనురెప్పే కనబడింది. ఆ తర్వాత కనబడింది, మెలికలు తిరిగిన రిబ్బనులాంటి పోగు. రెండో పలక మీదా అదే.

"నూనెలో ఉండేది దూది" అన్నాడు డాక్టరుగారు. "నువ్వు తుడిచినప్పుడల్లా ఒకటో రెండో పోగులు లోపల పెడతాండావు. నూనె పోయి పోయి వాటిని ఆ రంధ్రానికి అడ్డం పెడతాంది."

వాకిట్లోంచి ఆయన భార్య, "నా వత్తులకు ఏమైంది" అని అడిగింది. డాక్టరుగారు, "ఏం కాలేదు, మంచి దూది" అన్నాడు. అంత జాగ్రత్తగా ఆయన ఏ రోగికీ జబ్బు పేరు చెప్పి ఉండడు.

చీరలు కట్టాను, గోనెలు పరిచాను, మోచేతుల దాకా కడుక్కున్నాను. అంతా చేసి, నా చేతులతో నేనే రోజూ దాని గొంతులో దూది కుక్కాను. నా శుభ్రతే దాని రోగం. ఊళ్లో ఉన్న మురికంతా ఒకచోట పోసినా ఆ కారుకు అంత హాని చేసి ఉండేది కాదు.

పక్కింటి నేత ఆయన దగ్గర, ఉతికి ఉతికి పోగు రాలడం మానేసిన పాత పంచె ఒకటి అడిగి తెచ్చుకున్నాను. గేరుబాక్సుకూ ఆ పెట్టెకూ కలిపి ఉండే నూనె మొత్తం దింపి, జల్లెడ కడిగి, వాల్వును సైకిలు పంపుతో ఊది, ఆ గుడ్డతోనే తుడిచి పెట్టాను. కొత్త నూనె పోశాను. ఆదోని రోడ్డు మీద డాక్టరుగారు పదిసార్లు మీట నొక్కాడు, పదిసార్లు లేపాడు. పదిసార్లూ విడిచింది. పదకొండోసారి కారు ఆపి, రివర్సు గేరు వేసి, వెనక్కి మెడ తిప్పి, ఎదురొచ్చే బస్సు వాళ్లంతా వింతగా చూస్తుండగా అర మైలు దూరం వెనక్కే నడిపాడు. నేను ఆపమన్నా ఆపలేదు.

గురువారం గడిచింది. ఆ తర్వాతి గురువారమూ గడిచింది. కారు బాగుంది. మేస్త్రీ వచ్చి ప్రహరీ కట్టాడు. నేను గెలిచాను, గడప తొక్కలేదు. కానీ నాకు అన్నం సయించలేదు. ఉస్తాదు షెడ్డులో ఏం జరుగుతుంటుందో నాకు తెలుసు. అక్కడ రోజూ లారీల బ్రేకు సిలిండర్లు విప్పుతారు. బ్రేకు నూనె పోయే దారి కూడా అంతే సన్నం. ఆ మూలన అదే దూది బస్తా ఉంటుంది. మా కారు వెనక్కి పోలేదు, అంతే. లారీ అయితే ఆగదు. తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చుంటే నేను మనిషినేనా అనిపించింది. రెండు రోజులు ఎవరి చేతనైనా చెప్పి పంపుదామా అని ఆలోచించాను. పిరికితనం. మూడో రోజు మధ్యాహ్నం నడుచుకుంటూ పోయాను.

ఉస్తాదు ఒక బ్రేకు సిలిండరు ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో దూది ఉంది. ఇద్దరు డ్రైవర్లు బల్ల మీద టీ తాగుతున్నారు. నేను గడప దాటి నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, వాల్వూ దూదీ మైక్రోస్కోపూ అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. నా తప్పే అని కూడా చెప్పాను. డ్రైవర్లు నవ్వుతారని ఎదురుచూశాను.

ఉస్తాదు విన్నాడు. తర్వాత, "డాక్టరు సారు ఈడికొచ్చినాడు" అన్నాడు. "నెల కావస్తాంది. వేరుశనగ బండి రచ్చ అయినాంక. కారు నన్ను చూడమన్నాడు."

ఆ పెద్దమనిషి నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

"నేను ముట్టలేదు. వాడు నాకంటే శుభ్రంగా చేస్తాడు సార్, యాడికీ తీసుకపోవద్దు, వాని దగ్గరే ఉండనీ, వాడే లోపం పట్టుకుంటాడు అన్నా."

నేను ఏడ్చాను. డ్రైవర్ల ముందే. వాళ్లు టీ గ్లాసుల్లోకి చూస్తూ ఉండిపోయారు.

ఉస్తాదు చేతిలోని దూదిని వెలుతురు వైపు పట్టుకుని కాసేపు చూశాడు. కిందికి దించి పక్కన పెట్టాడు. తొమ్మిదేళ్లూ ఆయన చెప్పడం, నేను తలూపడం. ఆయన నన్నేనాడూ ఒక్క సంగతి అడిగినవాడు కాదు.

"మరి ఇంగ దేంతో తుడవల్లప్పా?" అని అడిగాడు.